లోతు లేని ఏటికి తగ్గ మోటారు

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పారే కరెంట్ నది నీళ్లు తేటగా ఉంటాయి, అడుగు మాత్రం కఠినం: గులకరాళ్లు, బండలు. ప్రొపెల్లర్ రెక్క వంగడానికి అక్కడ ఒక్క రాయి చాలు. అందుకే చాలామంది ప్రొపెల్లర్‌కు బదులు నీటిని పీల్చి వెనక్కి చిమ్మే జెట్ మోటారు ఎంచుకుంటారు. 60 హార్స్‌పవర్ ఇంజను జెట్ దగ్గరికొచ్చేసరికి 40 అవుతుందని తెలిసే కొంటారు. పెట్రోలూ ఎక్కువే తాగుతుంది. అయినా మంచి బేరమే అంటాను. పడవ అడుగుకన్నా కిందికి వేలాడేదంటూ పెద్దగా ఉండదు గనుక, వేగం అందుకున్నాక జానెడు నీళ్లలోనూ ఎదురీది ఎగువ మడుగుల్లోని బాస్ చేపల దగ్గరికి తీసుకెళుతుంది.

అసలు పనితనం బిగింపులో ఉంది. నీరు పీల్చే మూతి ముందంచు పడవ అడుగుతో సమంగా కుదరాలి. కాస్త పైకుంటే గాలి పీల్చి ఇంజను ఊరికే అరుస్తుంది. కిందికుంటే నీటి ఒరిపిడి పెరిగి పడవను వెనక్కి లాగుతుంది. లోపల తిరిగే ఇంపెల్లర్‌కూ దాని గూడుకూ మధ్య సందు మిల్లీమీటరు లోపే. ఇసుకకు అంచు అరిగితే ఆకురాయితో పదునుపెట్టి, ఇంపెల్లర్ కిందున్న వాషరొకటి దాని పైకి మార్చి సందు తగ్గిస్తారు.

నడపడం మరో విద్య. దీనికి చుక్కాని లేదు, నీరు చిమ్మితేనే పడవ తిరుగుతుంది. రాళ్లు చూసి బెదిరి వేగం తగ్గించారా, పడవ కుంగి వాటిమీదే కూర్చుంటుంది! చెయ్యి తిరిగినవాడు నీటి ముడతలు చూసి లోతు పసిగట్టి, అదే ఊపులో దాటేస్తాడు. నీరు పీల్చే మూతికుండే జాలీలో గులకరాళ్లు ఇరుక్కుంటే ఇంజను ఆపి, ఏరిపారేసి, మళ్లీ స్టార్టు చేస్తాడు.