కాలిన భాగము మార్చినంత మాత్రాన మరమ్మతు అగునా?

నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో గేట్లు, రేకుల షెడ్లు, ట్రాక్టరు ట్రాలీలు చేయు దుకాణములలోను, మిర్యాలగూడ రైసుమిల్లులలోను పాత ట్రాన్స్‌ఫార్మరు వెల్డింగు యంత్రముల స్థానమును ఇన్వర్టరు యంత్రములు ఆక్రమించుకొనుచున్నవి. పాతదానిని కదపవలెనన్న ఇద్దరు మనుషులు కావలెను. కొత్తదానిని ఒక్క చేతితో ఎత్తవచ్చును. అయితే పాతదానిలో చెడిపోవుటకు తీగచుట్ట, ఇనుపరేకులు తప్ప పెద్దగా ఏమియు లేదు. కొత్తది చెడినప్పుడు సామాన్యముగా జరుగు మరమ్మతు పద్ధతిని, యంత్రముతో వచ్చు సూచనల పుస్తకమును పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా యంత్రము పనిచేయు తీరు తెలియవలెను. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు బ్రిడ్జి రెక్టిఫయరులో ఏకముఖ విద్యుత్తుగా మారి, పెద్ద కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల వద్ద నిలుచును. ఐజీబీటీలు అను ట్రాన్సిస్టర్లు దానిని సెకనుకు పదులవేల పర్యాయములు తెంచి కలుపును. అంత వేగముగా మారు విద్యుత్తునకు చిన్న ఫెరైటు ట్రాన్స్‌ఫార్మరే చాలును. యంత్రము తేలికగా ఉండుటకు రహస్యమిదే. చివర డయోడులు దానిని మరల ఏకముఖము చేసి రాడ్డుకు అందించును.

యంత్రము ఆగగానే మూత తీసి, పగిలిన ఐజీబీటీని గుర్తించి, కొత్తది అతికి, స్విచ్చి వేయుట తరచుగా కనబడు పద్ధతి. అనేక పర్యాయములు కొత్తది కూడ ఆ క్షణముననే ‘ఠప్’మని పేలును. సామాను ఖర్చు, ఆనాటి కూలి రెండును పోవును. ఐజీబీటీ కాలుట చాలసార్లు ఫలితమే గాని కారణము కాదు. దానికి ఆజ్ఞలిచ్చు డ్రైవరు భాగము చెడియుండవచ్చును. గేటు నిరోధకము తెగియుండవచ్చును. చివర సమాంతరముగా అమర్చిన డయోడులలో ఒక్కటి షార్టయి ఉండవచ్చును. వీనిని చూడక చేసినది మరమ్మతు కాదు, జూదము.

సరియైన క్రమము కష్టమైనది కాదు. ప్లగ్గు పీకిన తరువాత కూడ కెపాసిటర్లలో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండవచ్చును. కనుక మొదట మీటరుతో కొలిచి, తగిన నిరోధకము ద్వారా దానిని ఖాళీ చేయవలెను. స్క్రూడ్రైవరుతో షార్టు చేయుట ప్రమాదము. పిదప బ్రిడ్జి, ఐజీబీటీలు, డయోడులు, గేటు నిరోధకములు వరుసగా పరీక్షింపవలెను. మొదటిసారి విద్యుత్తు ఇచ్చునప్పుడు తీగబల్బు నొకదానిని, 100 వాట్లది, సీరీసులో పెట్టవలెను. బల్బు ఒకసారి వెలిగి మసకబారినచో సాధారణముగా మంచి గుర్తు. తగ్గక వెలుగుచునే యున్నచో లోపల షార్టు ఇంకను ఉన్నదని అర్థము. చవకైన బల్బు ఖరీదైన కార్డును కాపాడును.

ఇక సూచనల పుస్తకము. అందులో ‘పసుపు దీపము వెలిగినచో యంత్రమును చల్లారనిండు’, ‘లోపము తొలగనిచో సర్వీసు కేంద్రమును సంప్రదింపుడు’ వంటి మాటలే ఎక్కువ. సర్క్యూటు పటము ఉండుట అరుదు. తెలుగులో ఉండుట మరింత అరుదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు విషయమై ఒక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోన్లు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను ఎంచినది. ట్రాలీకి అతుకు వేయు యంత్రము ఆ జాబితాలో వేరుగా కనబడదు. పటము చేతికీయక, పనివాని అజ్ఞానమును నిందించుట న్యాయము కాదు.

పుస్తకము విడిచిన మరొక విషయము యంత్రము బయట ఉన్నది. బావికాడ పనికై 50 మీటర్ల పొడవున, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ లాగి 20 ఆంపియర్లు వాడినచో, రాకపోకలు కలిపి 100 మీటర్ల తీగలో సుమారు 23 వోల్టులు నష్టమగును. అప్పటికే సరఫరా తక్కువగా ఉన్న చోట యంత్రము అదే పనికి ఎక్కువ ఆంపియర్లు గుంజి వేడెక్కును. ప్రక్కనే గ్రైండరు ఆడించినచో ఇనుపపొడిని ఫ్యాను లోపలికి పీల్చి కార్డుపై పరచును. ఈ రెండును సరిచేయనిచో, ఎంత మంచి మరమ్మతైనను నిలువదు.

ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నికులలో ట్రాన్సిస్టరు లక్షణ రేఖలను బోధించుట మంచిదే. దానితోపాటు చెడిన కార్డునొకటి బల్లపై పెట్టి, ‘ఇది ఎందుకు కాలినది?’ అని విద్యార్థిని అడుగవలెను. ఆ ప్రశ్న అలవాటైన వాడే కొత్త ఐజీబీటీ కొనుటకు ముందు మీటరు చేతికి తీసికొనును.