అయ్యగారి సైకిలు

మా నాన్నగారు ఖమ్మం వైపు పల్లెల్లో సంఘ కాపరిగా పనిచేశారు. ఆదివారం ఆయన చెప్పిన ప్రసంగాల్లో ఒక్కటి కూడా నాకు పూర్తిగా గుర్తులేదు. మంగళవారం సాయంత్రాలు మాత్రం నిన్నమొన్నటివిలా ఉన్నాయి. ఎండ చల్లబడ్డాక, బైబిలూ కీర్తనల పుస్తకమూ ఉన్న గుడ్డసంచి సైకిలు హ్యాండిలుకు తగిలించి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరేవారు. పేట మొదట్లోనే పిల్లలెవరో “అయ్యగారొస్తున్నారు” అని కేకేసేవారు. మేం దిగేసరికి వాకిట్లో నులకమంచం వాల్చి ఉండేది, చెంబుతో నీళ్ళు వచ్చేవి.

ఇళ్ళకు వెళ్ళి పలకరించే ఈ పనికి ఒక పద్ధతి ఉంది. నాన్నగారు సంచి వెంటనే తెరిచేవారు కాదు. గేదె ఈనిందా, మిరపకు తెగులు తగ్గిందా, పనికోసం పట్నం వెళ్ళిన పెద్దోడు ఉత్తరం రాశాడా... ఇలా అరగంట గడిచేది. ఆ మాటల మధ్య ఎక్కడో ఇల్లాలి గొంతు తగ్గేది. మొగుడి తాగుడో, అప్పిచ్చినవాడి బెదిరింపో, అత్తింటినుంచి తిరిగొచ్చిన కూతురి సంగతో అప్పుడు బయటికొచ్చేది. ఆ మాట వినడానికే ఆయన అంతదూరం సైకిలు తొక్కేవారని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. విన్నాక ఆ ఇంటికి తగిన నాలుగైదు వచనాలు చదివేవారు. వివరణ రెండు మాటల్లో అయిపోయేది. కీర్తన ఏది పాడాలో ఇంటివాళ్ళే ఎంచుకోవాలి. అక్షరం రాని ముసలమ్మలు కూడా పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు రాగం తప్పకుండా ఎత్తుకునేవారు. చివర ప్రార్థన. అందులో ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళ పేరూ రావాలి, దూరాన ఉన్నవాళ్ళ పేర్లూ రావాలి. తమ పేరు ఎప్పుడొస్తుందా అని పిల్లలు ఒక కన్ను తెరిచి చూసేవారు. నేనూ చూసేవాణ్ణి.

చావు జరిగిన ఇంట్లో ఈ క్రమం ఏదీ ఉండేది కాదు. అక్కడ ఆయన నేలమీద కూర్చునేవారు, అంతే. ఎవరైనా అడిగితే తప్ప బైబిలు తీసేవారు కాదు. ఏడుస్తున్నవాళ్ళ దగ్గర వాక్యం చెప్పడానికి తొందరపడే కాపరి తన భయాన్నే కప్పుకుంటున్నాడని అమ్మతో అనడం విన్నాను. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంటి గడప తొక్కేది కాదు. ఆ నియమం అమ్మకు కూడా వర్తించేది.

ఇది మా నాన్నగారు కనిపెట్టిన పని కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో కిడ్డర్‌మిన్‌స్టర్ అనే నేతగాళ్ళ ఊళ్ళో రిచర్డ్ బాక్స్టర్ అనే కాపరి ఉండేవాడు. ఆ ఊళ్ళో సుమారు 800 కుటుంబాలు. వారంలో సోమ, మంగళవారాలు అతనూ సహాయకుడూ ఒక్కొక్క కుటుంబంతో దాదాపు గంటసేపు విడిగా కూర్చునేవారు. ఏడాది తిరిగేసరికి ఊరంతా పూర్తయ్యేది. పదేళ్ళు ప్రసంగాలు విన్నా అంటనిది కొందరికి అరగంట ముఖాముఖి మాటల్లో అంటుకుందని అతని అనుభవం. 1656లో కాపరుల కోసం అతను రాసిన పుస్తకంలో మందను గురించిన భాగం తరవాత వస్తుంది. ముందుది, కాపరి తనను తాను ఎలా చూసుకోవాలన్నది. అపొస్తలుల కార్యాల్లో పౌలు ఎఫెసు పెద్దలకు చెప్పిన వరుస కూడా అదే.

మన నేల మీద ఆ వరుసను పాటించినవారిలో నాకు అందరికంటే ముందు గుర్తొచ్చేది దోర్నకల్ బిషప్ అజరయ్యగారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో 35 ఏళ్ళ వయసులో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అయినా ఆయన గొప్పతనం నాకు కనిపించేది పల్లె కాపరులను తయారుచేసిన తీరులో. శిక్షణకు వచ్చేవాడు భార్యాపిల్లలతో రావాలి. భార్యకూ పాఠాలుండేవి. వాళ్ళ వంట వాళ్ళే వండుకోవాలి, తోటపని చెయ్యాలి. రేపు మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో కాపురముండబోయే మనిషి ఇల్లు ఎలా ఉందన్నదే ఊరు చదివే మొదటి పాఠమని ఆయన ఎరుగుదురు. బాప్తిస్మం పొందేవాళ్ళ చేత తమ తలమీద తామే చెయ్యి పెట్టించి, పౌలు కొరింథీయులకు రాసిన మాటను తమ మాటగా పలికించేవారు: అందిన శుభవార్తను ఇంకొకరికి అందించకుండా ఉండలేమని. ఆ మాట పలికినవాళ్ళలో ఎక్కువమంది చదువుకు నోచుకోనివాళ్ళు, ఊరు దూరంగా పెట్టినవాళ్ళు. ఆ తలమీది చెయ్యి వాళ్ళకు ఎంత గౌరవమిచ్చి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె నిండుతుంది.

ఇవ్వడమూ పెరగడంలో భాగమేనని అజరయ్యగారు గట్టిగా నమ్మారు. అన్నం వండేముందు ఇల్లాలు పిడికెడు బియ్యం పక్కన పెట్టి ఆదివారం గుడికి తేవడం మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఉన్న అలవాటు. మా ఇంట్లో కూడా దానికి ఒక మట్టికుండ ఉండేది. కాపరి ఇల్లు ఇచ్చేవాళ్ళలో లేకపోతే ఎలా అని అమ్మ అనేది.

ఇప్పుడు కాపరులకు మైకులు వచ్చాయి, తెరలు వచ్చాయి. ఫోనులో రోజుకు మూడు వర్తమానాలు ఇచ్చేవారున్నారు. వాటివల్ల మేలు పొందినవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. కానీ చెప్పడమే పనైన మనిషి ఎప్పుడు వింటాడు? ఇళ్ళకు వెళ్ళడం మానేస్తే మందకే కాదు, కాపరికీ నష్టం. మనుషుల బాధ దగ్గర కూర్చోని ప్రార్థన త్వరగా మాటల మూట అయిపోతుంది. ఈ భయం కొత్తది కాదు. క్రీ.శ. 590 ప్రాంతంలో పోపు గ్రెగరీ కాపరుల కోసం నాలుగు భాగాల పుస్తకం రాశాడు. మూడో భాగం చాలా పెద్దది. పేదకూ ధనికుడికీ, సంతోషంలో ఉన్నవాడికీ దుఃఖంలో ఉన్నవాడికీ వేర్వేరుగా ఎలా చెప్పాలో అందులో ఉంది. నాలుగో భాగం ఒకే ఒక్క అధ్యాయం: ఇంత చేశాక కాపరి తనలోకి తాను తిరిగి చూసుకోవాలని. పుస్తకం చివర తనకోసం ప్రార్థన చెయ్యమని గ్రెగరీ అడుక్కున్నాడు.

నాన్నగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి లాంతరు వెలుగులో ఒక కీర్తన చదివేవారు. వారమంతా అదే కీర్తన. తరవాత చాలాసేపు మౌనం. ఆ తరవాత, ముందురోజు చూసిన ఇళ్ళ పేర్లు రాసుకున్న చిన్న నోటుబుక్కు తెరిచేవారు. మా చెల్లెలు జ్వరంతో పోయిన ఏడాది లాంతరు వెలిగేది, పుస్తకం తెరుచుకునేది, పెదవులు కదిలేవి కావు. తనకు ప్రార్థన రావడం లేదని అమ్మతో చెప్పారు. మంగళవారం సైకిలు మాత్రం ఆపలేదు.

అలాంటి ఒక సాయంత్రం ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ దగ్గరికి వెళ్ళాం. ఆయన అలవాటుగా గేదె గురించి అడిగారు. ఆమె జవాబు చెప్పలేదు. ఆయన ముఖంలోకి కాసేపు చూసి, “ఇంతమందికి ప్రార్థన జేస్తవు, నీకెవరు జేస్తరయ్యా?” అంది. నాన్నగారు తల వంచుకున్నారు. అవ్వ మంచం కోడు పట్టుకుని లేచి, వణికే చెయ్యి ఆయన తలమీద పెట్టి, చెల్లెలి పేరుతో మొదలుపెట్టింది.