స్థానిక రచన – సమీక్షా ప్రమాణాలు: త్రిపురాంతకోదాహరణం ఆధారంగా ఒక పరిశీలన

ఒక రచనను ‘మన ప్రాంతపు రచన’గా గుర్తించడానికి తెలుగులో స్థిరపడిన కొలబద్ద రచయిత జన్మస్థలం. జిల్లాలవారీ సాహిత్య చరిత్రలు, కవుల పట్టికలు, స్మారక సంచికలు చాలావరకు దీని మీదే నిలిచాయి. పట్టికకు ఇది సరిపోతుంది, సమీక్షకు సరిపోదు. ఎవరు ఎక్కడ పుట్టారన్నది పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు. పుస్తకం తెరిచాక చెప్పవలసినదేమిటన్నదే అసలు ప్రశ్న. పశ్చిమ ప్రకాశం వంటి సీమలో ఈ ప్రశ్నకు పదును ఎక్కువ. ఇక్కడ జన్మస్థలమనే కొలబద్ద కూడా నిలకడగా ఉండలేదు.

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పేరుతో ఏర్పడింది. 1972లో నేటి పేరు వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరు నుంచి, ఒంగోలు, అద్దంకి గుంటూరు నుంచి వచ్చి చేరాయి. 2022 పునర్వ్యవస్థీకరణలో అద్దంకి బాపట్లకు, కందుకూరు నెల్లూరుకు వెళ్లాయి. ఈ లెక్కన అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో వెలసిన ఎఱ్ఱన గుంటూరు కవి, ప్రకాశం కవి, బాపట్ల కవి కూడా కావాలి. కందుకూరి రుద్రకవి నెల్లూరు నుంచి బయలుదేరి మళ్లీ నెల్లూరు చేరాడు. రెవెన్యూ కచేరీ ఉత్తర్వుతో కవుల స్వస్థలం మారుతుంటే, ఆ స్థానికత రచనలో లేదనీ, పట్టికలోనే ఉందనీ ఒప్పుకోక తప్పదు. మార్కాపురం, గిద్దలూరు రచనలకు జరిగిన నష్టం ఇంకో తీరుది. కర్నూలు సాహిత్య చరిత్రలో అవి తూర్పు అంచున మిగిలాయి. ఒంగోలు కేంద్రంగా రాసిన చరిత్రలో పడమటి అంచుకు మారాయి. రెండు చోట్లా చివరి పుటలే వాటి పాలు.

ఈ చిక్కుకు విడుపు త్రిపురాంతకంలోనే దొరుకుతుంది. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా ప్రసిద్ధమైన ఈ క్షేత్రంలో కొండపైన త్రిపురాంతకేశ్వరుడు, దిగువన బాలాత్రిపురసుందరి వెలసి ఉన్నారు. కాకతీయుల కాలపు శాసనాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఆ కాలానికే చెందిన రావిపాటి త్రిపురాంతకుడు ఈ దేవుణ్ణి స్తుతిస్తూ త్రిపురాంతకోదాహరణం రచించాడు. పాల్కురికి సోమనాథుని బసవోదాహరణం తరువాత తెలుగులో ఆ ప్రక్రియకు లభిస్తున్న తొలి రచనల్లో ఇది ఒకటి. ఉదాహరణ వాఙ్మయానికి ప్రత్యేక చరిత్ర రాసిన నిడుదవోలు వేంకటరావు వంటి పరిశోధకుల వల్ల ప్రక్రియ లక్షణాలు పండితులకు సుపరిచితమే. కానీ దాన్ని స్థానిక రచనగా చదవవలసిన తీరు వేరు.

కవి ఇంటిపేరు రావిపాడు అనే ఊరినుంచి వచ్చింది. ఆ పేరుగల ఊళ్లు ఆంధ్రదేశంలో ఒకటికి మించి ఉన్నాయి. జన్మస్థలవాదులు ఈ ఊళ్ల మధ్య ఎంతకాలమైనా వాదించుకోవచ్చు. దానికంటే ముఖ్యమైన సాక్ష్యం కవి పేరే. ఊరు త్రిపురాంతకం, దేవుడు త్రిపురాంతకుడు, కవి త్రిపురాంతకుడు. తిప్పన అన్నది ఈ పేరుకు వ్యవహార రూపం. తిప్పన, తిప్పయ అన్న పేర్లు తెలుగు ఇళ్లలో ఎంతగా వ్యాపించాయో గమనిస్తే ఈ కొండమీది దేవుడు ఎంత దూరం ప్రయాణించాడో తెలుస్తుంది. పేరు పెట్టినవారు ఆ క్షేత్రానికి మొక్కుకున్నవారే అయి ఉండాలని ఊహించవచ్చు. స్థానికతకు పుట్టిన ఊరికంటే బలమైన ఆధారం ఇలా మొక్కుబడిగా వచ్చే పేరు.

ఇక రచన నిర్మాణం. ఉదాహరణంలో ప్రథమా విభక్తి మొదలు సంబోధన వరకు ఎనిమిది విభాగాలుంటాయి. ఒక్కొక్క విభాగంలో ఒక వృత్తం, ఒక కళిక, ఒక ఉత్కళిక వస్తాయి. కళిక, ఉత్కళికలు రగడ భేదాలు. ఉత్కళిక పాదం కళిక పాదంలో సగం. చివర అన్ని విభక్తులూ కలిసిన పద్యం, ఆపైన కవి నామాంకం. ఏ విభాగానికి ఆ విభక్తిలోనే స్తుత్యదేవత పేరు రావాలి. లక్షణకర్తకు ఇది ఒక నియమం, పాఠకుడికి ఒక ప్రయాణం. ప్రథమలో దేవుడు కర్త, ద్వితీయలో భక్తుని చూపుకు, కొలుపుకు కర్మ, తృతీయలో మూడు పురాలు ఆయన చేత దహనమవుతాయి, చతుర్థిలో సమస్తం ఆయన కొరకు, పంచమిలో ఆయన వలన పుడుతుంది, షష్ఠిలో ఆయనది. సప్తమికి వచ్చేసరికి విశేషం జరుగుతుంది. ‘అందు’ అనే విభక్తి చేరగానే దేవుడు స్థలమవుతాడు. త్రిపురాంతకునియందు నిలిచిన మనసు, త్రిపురాంతకమందు నిలిచిన మనిషి – వ్యాకరణం దృష్టిలో ఒకటి మహత్తు, మరొకటి అమహత్తు. భక్తుని అనుభవంలో ఈ భేదం చెరిగిపోతుంది. అంతవరకు ప్రథమపురుషలో సాగిన స్తుతి, నిలువనీడ దొరికాకనే సంబోధనలోకి ప్రవేశిస్తుంది. ఏడు విభక్తులు దేవుణ్ణి గురించి మాట్లాడతాయి, ఎనిమిదోది దేవునితో మాట్లాడుతుంది. ఈ వరుస వ్యాకరణం ఇచ్చినదే. కవి దాన్ని కల్పించలేదు. అయితే ఊరి పేరే దేవుని పేరైన చోట ఆ వరుసకు వచ్చే అర్థపుష్టి, స్తుత్యుని పేరు స్థలనామం కాని ఉదాహరణాలకు రాదు. బసవోదాహరణంలో సప్తమి ఒక విభక్తి మాత్రమే.

ఈ రచన ఏ వయసు పాఠకునికి అన్న ప్రశ్న వేస్తే జవాబు సులువుగా రాదు. వృత్తాల్లోని దీర్ఘ సమాసాలు పండితుని కోరుతాయి. రగడలు అలా కావు. తురగవల్గనం, ద్విరదగతి, హరిణగతి, వృషభగతి వంటి రగడల పేర్లలోనే గుర్రం, ఏనుగు, లేడి, ఎద్దు నడుస్తున్నాయి. అంత్యప్రాసతో, తాళంతో సాగే పొట్టి పాదాలను అర్థం పూర్తిగా తెలియని పిల్లవాడు కూడా నోటికి పట్టగలడు. డు ము వు లు నుంచి ఓ, ఓయి వరకు బడిలో వల్లించే విభక్తి ప్రత్యయాల పట్టికకు పాటరూపం ఇందులో సిద్ధంగా ఉంది. ఒకే విభాగంలో వృత్తం పెద్దలకు, కళిక గాయకునికి, ఉత్కళిక పిల్లలకు దక్కే ఏర్పాటు ఇది. ఆబాలగోపాలం అన్న మాటను పీఠికల్లో అలంకారంగా వాడటం పరిపాటి. ఇక్కడ ఆ మాటకు నిర్మాణపరమైన ఆధారం ఉంది.

అభిమానం కొద్దీ లోపాలను దాటవేయడం స్థానిక సమీక్షకు అలవాటైన బలహీనత. ఈ రచనలో త్రిపురాంతకపు కొండ, చెరువు, సంత, ఎండ కోసం వెదకబోయేవారు ప్రక్రియ స్వభావాన్ని ముందు గమనించాలి. ఉదాహరణం స్తుతి, ఊరివర్ణన దాని ధర్మం కాదు. విభక్తి నియమం వల్ల ఒకే పౌరాణిక సామగ్రి రూపం మార్చుకుని తిరిగివస్తుంది. వరుసగా చదివితే మధ్య విభాగాల్లో బరువు తోస్తుంది. చతుర్థి, పంచమి తెలుగులో సంస్కృతంలో అంత సహజంగా ఒదగవు. ‘కొరకు’, ‘వలన’ అన్న పదాలను పాదం తరువాత పాదంలో నిలపడం ఏ కవికైనా కసరత్తే. ఈ మాట అనడం వల్ల రచన విలువ తగ్గదు. పాడటానికి పుట్టినదాన్ని కంటితో చదివినప్పటి లోపమిది.

ఇదే కవి సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం నేడు లభించడం లేదు. దాని అనుసరణగా తెలుగులో వెలసిన క్రీడాభిరామం మాత్రం నిలిచింది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు ఓరుగల్లు వీథుల్లో గడిపిన దినం అందులోని వస్తువు. దాని కర్తగా వినుకొండ వల్లభరాయని పేరు గ్రంథంలోనే ఉంది. వినుకొండ త్రిపురాంతకానికి తూర్పున, అదే దారిలో ఉన్న ఊరు. అయినా శైలీసామ్యాన్ని బట్టి ఇది శ్రీనాథుని రచనేనన్న వాదం బలంగా వచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రి అంతటి పండితుడు దాన్ని సమర్థించారు. ఈ వాదంలోని సాక్ష్యాధారాలను తూచడం ఈ పరిశీలన పరిధిలోది కాదు. సమీక్షా ప్రమాణాల దృష్టితో ఒక విషయం మాత్రం చెప్పాలి. చిన్న ఊరి కవి పేరున పెద్ద రచన కనిపించినప్పుడు ఆ రచన పెద్ద కవి ఖాతాకు చేరుతుంది. పెద్ద కవి పేరున ఉన్న పేలవమైన చాటువును చిన్న కవికి అప్పగించడానికి అంత ఉత్సాహం కనిపించదు. గ్రంథం స్వయంగా చెప్పుకున్న కర్తను తోసిపుచ్చేవారే రుజువు చూపాలి. శైలి పోలిక ఆ రుజువుకు ఆరంభమే అవుతుంది. ఒక కాలపు కవులు ఒకరి బాణీలో మరొకరు రాయడం అరుదు కాదు.

అన్ని వయసులవారికీ అందిన రచన ఈ ప్రాంతంలో ఇంకొకటి ఉంది. పదహారో శతాబ్దికి చెందిన కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయం లభిస్తున్న తెలుగు యక్షగానాల్లో మొదటిదిగా పరిగణన పొందింది. త్రిపుట, జంపె, ఏలలు, అర్ధచంద్రికలతో నడిచే ఈ కృతి రగడల సంప్రదాయానికి రంగస్థలం ఇచ్చింది. త్రిపురాంతకోదాహరణంలోని కళికకూ రుద్రకవి త్రిపుటకూ మధ్య నేరుగా రుణసంబంధం ఉందనడానికి తొందరపడనక్కరలేదు. రెండింటి శ్రోతలు ఒక్కరే అన్నది చాలు. రుద్రకవి తన జనార్దనాష్టకంలో కందుకూరి జనార్దనుని స్తుతించాడు. ఊరి దేవుడు మళ్లీ రచనకు కేంద్రమయ్యాడు. కానీ ఆయనకు త్రిపురాంతకుని వలె ఊరితో ఒకే పేరు లేదు; అందువల్ల అష్టకంలో దేవుణ్ణి ఊరి పేరుతో విశేషించవలసి వచ్చింది.

ఆధునిక వచనంలోకి వస్తే కనిగిరిలో 1890లో పుట్టిన దరిశి చెంచయ్య ఆత్మకథ ‘నేనూ నా దేశం’ను ప్రస్తావించాలి. చదువుకోసం అమెరికా వెళ్లి, గదర్ పార్టీలో చేరి, బ్రిటిష్ ప్రభుత్వపు చెరసాలల్లో గడిపి, తరువాత మద్రాసులో సంఘసంస్కరణకు పూనుకున్న మనిషి రాసిన పుస్తకమిది, 1952లో వెలువడింది. శీర్షికలో ‘నేను’ ఉంది, ‘దేశం’ ఉంది. నడుమ ఊరు లేదు. జన్మస్థలవాదం ప్రకారం ఇది నిస్సందేహంగా పశ్చిమ ప్రకాశపు గ్రంథం. త్రిపురాంతకోదాహరణం నేర్పిన ప్రమాణంతో చూస్తే, మెట్టసీమ నుంచి బయలుదేరి ఊరిని దాటిపోయిన గ్రంథం. రెండు మాటలూ నిజమే, రెండోదే సమీక్ష. ఊరు దాటిపోవడం కరువుసీమ అనుభవంలో భాగమని గ్రహించినప్పుడే చెంచయ్య పుస్తకాన్ని ఈ నేలకు చెందిన రచనగా నిలబెట్టవచ్చు. కనిగిరిలో పుట్టారన్న ఒక్క వాక్యం ఆ పని చేయదు.

మార్కాపురం పలకలమీద తెలుగుదేశపు పిల్లలు తరాలపాటు అక్షరాలు దిద్దారు. ఆ పలకలు తీసిన సీమలోని పిల్లలకు తమ ప్రాంతపు రచనను చేతికిచ్చే ప్రయత్నం చేయదలచినవారు త్రిపురాంతకోదాహరణంతోనే మొదలుపెట్టవచ్చు. అందుకు కావలసిన ముద్రణ ఎలా ఉండాలో రచనే సూచిస్తుంది. ఉత్కళికలను ముందు, పెద్ద అక్షరాల్లో, పాదానికొక పంక్తిగా వేయాలి. రగడ పేరు, తాళపు లెక్క పక్కనే చూపాలి. విభక్తి ప్రత్యయాన్ని వేరే రంగులో గుర్తించాలి. వృత్తాలను ప్రతిపదార్థంతో రెండో భాగంలో ఉంచవచ్చు. సంబోధన విభాగాన్ని మాత్రం విడదీయకూడదు. వృత్తం, కళిక, ఉత్కళిక మూడూ అక్కడ ఒకే పుటలో ఉండాలి.