కాకతాళీయానికి కర్త ఎవరు?

కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలినందువల్లే పండు రాలిందా, లేక రెండూ ఒకే క్షణంలో జరిగాయా? ఈ ప్రశ్నకు మన పెద్దలు ఒక న్యాయం పేరే పెట్టి వాడుకలో ఉంచారు. 'ది ప్రివిలేజ్డ్ ప్లానెట్' అనే ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నంతసేపూ ఆ కాకతాళీయ న్యాయమే మనసులో మెదులుతుంది. గిలెర్మో గొంజాలెజ్ అనే ఖగోళ శాస్త్రవేత్త, జే రిచర్డ్స్ అనే తాత్త్వికుడు కలిసి రాసిన ఈ గ్రంథం 2004లో అమెరికాలో వెలువడింది. ఇరవయ్యేళ్ళ గుర్తుగా 2024లో మళ్ళీ అచ్చయింది. మధ్యకాలంలో ఈ పుస్తకంవల్లా, ఇలాంటి ఆలోచనలవల్లా ఒక మ్యూజియం, కొన్ని విశ్వవిద్యాలయాలు చిక్కుల్లో పడ్డాయి. ఆ చిక్కులను పక్కన పెట్టి పుస్తకాన్ని మాత్రమే విమర్శిస్తే పని సగమే అవుతుంది. పుస్తకం తప్పని చెప్పడం ఒకటి, ఆ తప్పు పట్ల ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఎలా నడుచుకోవాలన్నది మరొకటి. రెండోదే కష్టం.

ఇంటెలిజెంట్ డిజైన్ అని పేరు పెట్టుకున్న ఈ వాదాన్ని మనం సంకల్పవాదం అనుకోవచ్చు. జీవరాశిలోనూ విశ్వంలోనూ కనిపించే పొందిక ఒక తెలివైన కర్త సంకల్పం లేనిదే కుదరదని దీని సారాంశం. ఆ కర్త ఎవరో దీని ప్రచారకులు పైకి చెప్పరు. వినేవాళ్ళకు అర్థమవుతూనే ఉంటుంది. సియాటిల్‌లోని డిస్కవరీ ఇన్‌స్టిట్యూట్ ఈ వాదానికి పుట్టిల్లు వంటిది. మన రచయితలిద్దరూ ఆ సంస్థతో సంబంధం ఉన్నవారే. బడుల్లో జీవశాస్త్రం పాఠం దగ్గర రేగిన తగాదాలో ఈ వాదానికి 2005 డిసెంబరు 20న పెద్ద దెబ్బ తగిలింది. పెన్సిల్వేనియాలోని డోవర్ పాఠశాలల కేసులో న్యాయమూర్తి జాన్ జోన్స్ ఇది శాస్త్రం కాదనీ, మతవిశ్వాసమేననీ తీర్పు చెప్పారు. ఖగోళశాస్త్రంలో మాత్రం వ్యవహారం అంత సులువుగా తెమలలేదు. ఇక్కడ వాదిస్తున్న మనిషి ఆ విద్యలో ఆరితేరినవాడు కావడమే కారణం. గ్రహాలున్న నక్షత్రాలలో లోహధాతువుల పాలు గురించీ, పాలపుంతలో జీవానికి అనువైన ప్రాంతం గురించీ గొంజాలెజ్ చేసిన పనిని తోటివారు గౌరవంగానే చూశారు.

పుస్తకం గ్రహణంతోనే మొదలవుతుంది. 1995 అక్టోబరు 24న రాజస్థాన్‌లోని నీమ్ కా థానాలో గొంజాలెజ్ సంపూర్ణ సూర్యగ్రహణం చూశారు. సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు 400 రెట్లు. భూమి నుంచి సూర్యుడి దూరం కూడా చంద్రుడి దూరానికి సుమారు 400 రెట్లే. అందుకే ఆకాశంలో రెండు బింబాలూ దాదాపు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి, ఒకటి మరొకదాన్ని సరిగ్గా కప్పుతుంది. ఇంత పెద్ద చంద్రుడు ఉన్నందువల్లే భూమి ఇరుసు అతిగా ఊగకుండా నిలిచి జీవానికి మేలు జరిగింది. ఆ చంద్రుడివల్లే గ్రహణాలు కలిగి శాస్త్రానికీ మేలు జరిగింది. రచయితల సిద్ధాంతం ఇక్కడినుంచి పుడుతుంది. బతకడానికి ఏ పరిస్థితులు కావాలో, విశ్వాన్ని పరిశీలించి తెలుసుకోవడానికి కూడా అవే పరిస్థితులు కావాలి; ఈ జోడింపు యాదృచ్ఛికం కాదు, ఎవరో మనం తెలుసుకోవాలని కోరి అమర్చినది అంటారు. పారదర్శకమైన వాతావరణం, పాలపుంతలో మనం ఉన్న చోటు, ఒక్కొక్కటే సాక్షులుగా వస్తాయి. చెప్పే తీరు హాయిగా ఉంటుంది. ఖగోళశాస్త్రం తెలియని పాఠకుడికి ఎన్నో మంచి విషయాలు దొరుకుతాయి. ఆ మేరకు మెచ్చుకోవలసిందే.

కాని ఆ గ్రహణం వాదాన్నే మన నేల మీద పరీక్షించి చూద్దాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ తెలుగుదేశం మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో కూర్చుని సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీసి చూశారు. ఆ ఏటి పరిశీలనల్లో తేలిన ఒక పసుపు రేఖ తరువాత హీలియం జాడగా రుజువైంది. సూర్యుడిలో కనిపించిన ఆ మూలకం భూమి మీద 1895లో గాని దొరకలేదు. సంకల్పవాదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదనిపిస్తుంది. కాని కథలో మిగతా సగం ఉంది. ఆ రేఖలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని చూడడానికి గ్రహణమే అక్కర్లేదని జాన్సెన్‌కు అక్కడే తోచింది. మరునాడు పొద్దున మామూలు సూర్యుణ్ణి చూస్తూనే ఆ పని చేసి చూపించారు. అదే ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండులో లాక్యర్, గుంటూరు సంగతి తెలియకుండానే, ఏ గ్రహణమూ లేకుండా అదే సాధించారు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజున చేరాయంటారు. అంటే గ్రహణం దారి చూపిన మాట నిజం. అది లేకపోతే దారి లేదన్నది నిజం కాదు. సూర్యుడి దగ్గరగా వచ్చే నక్షత్రకాంతి వంగుతుందన్న ఐన్‌స్టీన్ మాటను 1919 గ్రహణంలో పరీక్షించారు. 1969 నుంచి అదే పనిని రేడియో టెలిస్కోపులు గ్రహణంతో నిమిత్తం లేకుండా, అంతకన్నా కచ్చితంగా చేస్తున్నాయి.

ఇక రచయితలు పిలవని సాక్షులు కొందరున్నారు. పాలపుంత నడిబొడ్డును మామూలు వెలుగులో మనం చూడలేం, మధ్యలో ధూళి అడ్డం. మనల్ని కాపాడే ఓజోను పొరే అతినీలలోహిత కిరణాలను కంటికి చేరనివ్వదు. ఎక్స్-కిరణాలు నేలకు రావు కనకనే, సూర్యుడికి ఆవల వాటిని వెదజల్లే తావు ఉందని 1962లో రాకెట్టు పైకి పంపితే గాని తెలియలేదు. ఏ వాతావరణం ప్రాణం పోస్తుందో అదే కళ్ళకు గంత కడుతుందన్నమాట. అప్పుడు బతుకుకూ పరిశీలనకూ జోడు కుదిరిందనడం ఎలా? మొత్తం మీద చూస్తే ఇంతకన్నా మేలైన సర్దుబాటు ఉండదని రచయితల జవాబు. లాభం కనిపించిన చోట అది అమరిక, నష్టం కనిపించిన చోట అది సర్దుబాటు. బాణం నాటిన చోటల్లా గురి గీసుకుంటూ పోతే ఏ విలుకాడూ తప్పడు.

తమ వాదం తప్పని ఎలా తేల్చవచ్చో కూడా రచయితలు చెప్పారు. ఆకాశం సరిగా కనిపించని చోట సంక్లిష్ట జీవం దొరికితే ఓటమి ఒప్పుకుంటామన్నారు. ఇది న్యాయమైన మాటే. అయితే జీవం ఉన్న లోకం మనకు తెలిసినది ఒక్కటే. ఒక్క మెతుకు పట్టి అన్నం ఉడికిందో లేదో చెప్పవచ్చు, అది ఆ కుండలోని అన్నానికే. తక్కిన కుండలు ఎలా ఉన్నాయో చూడకుండా విశ్వమంతటికీ తీర్పు చెప్పకూడదు. సూర్యుడివంటి మరో నక్షత్రం చుట్టూ గ్రహం ఉందన్న ప్రకటన వచ్చింది నీమ్ కా థానా గ్రహణం పట్టిన ఆ 1995 అక్టోబరులోనే. ఇప్పటికి అలాంటి గ్రహాలు ఐదు వేలకు పైగా తెలిశాయి. వెతకడం ఇంకా సాగుతూనే ఉంది. తీర్పు ముందు రాసిపెట్టుకోవడమే ఈ పుస్తకం లోపం. దేవుడి ఊసు ఉండడం కాదు.

ఈ తేడాను సంస్థలు గట్టిగా పట్టుకోకపోవడంవల్లే చిక్కులు వచ్చాయి. పుస్తకం ఆధారంగా తీసిన చలనచిత్రాన్ని 2005 జూన్‌లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో ప్రదర్శించాలని డిస్కవరీ ఇన్‌స్టిట్యూట్ 16,000 డాలర్ల విరాళం ఇచ్చింది. మ్యూజియం తన పేరును సహ నిర్వాహకులుగా ఇచ్చింది. పత్రికల్లో గోల రేగాక, ఈ చిత్రం తమ శాస్త్ర పరిశోధన ధ్యేయానికి పొసగదని చెప్పి, డబ్బు వెనక్కి ఇచ్చి, పేరు ఉపసంహరించుకుంది. ప్రదర్శన మాత్రం జరగనిచ్చింది. చిత్రాన్ని చూసి అడగవలసిన ప్రశ్న ముందే అడిగి ఉంటే ఈ పరువు తక్కువ తప్పేది.

ఆ ఏడే గొంజాలెజ్ పనిచేస్తున్న అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో నూట ఇరవైకి పైగా అధ్యాపకులు సంకల్పవాదం శాస్త్రం కాదంటూ ప్రకటన మీద సంతకాలు చేశారు. 2007లో ఆయనకు టెన్యూర్ అనే శాశ్వత హోదా నిరాకరించారు. ఆయన పక్షంవారు అరవై ఎనిమిది పరిశోధన పత్రాలు లెక్క చూపించారు. ఇక్కడ చేరిన తరువాత ప్రచురణలు తగ్గాయనీ, చెప్పుకోదగ్గ నిధులు తేలేదనీ, సంకల్పవాదంతో నిర్ణయానికి సంబంధం లేదనీ అధ్యక్షుడు గ్రెగరీ జాఫ్రాయ్ చెప్పారు. ఆ తరువాత బయటపడ్డ ఉత్తర ప్రత్యుత్తరాలలో మాత్రం సహోద్యోగులు సంకల్పవాదం గురించి మాట్లాడుకున్నట్టు తేలింది. అది కారణాలలో ఒకటైతే ఒకటని చెప్పి, ఎందుకో వివరించి ఉండవలసింది. కాకపోతే ఆ చర్చ ఫైలు బయట ఉండవలసింది. రెండూ కాకపోయేసరికి, నిర్ణయంలో న్యాయం ఉన్నా గొంజాలెజ్ అమరవీరుడయ్యారు.

కెంటకీ విశ్వవిద్యాలయం ఇంకా దిగజారింది. 2007లో అక్కడి విద్యార్థుల అబ్జర్వేటరీకి డైరెక్టరుగా మార్టిన్ గాస్కెల్ దరఖాస్తు పెట్టుకున్నారు. ఆయన పరిణామవాదాన్ని తోసిపుచ్చేవారు కారు. బైబిలునూ ఖగోళాన్నీ కలిపి ఉపన్యాసాలు ఇచ్చేవారు. ఆయన మతనిష్ఠ ఏ రకానిదోనన్న అనుమానం ఎంపిక సంఘం ఉత్తరాల్లో కనిపించింది. ఉద్యోగం వేరేవారికి వెళ్ళింది. ఆయన దావా వేస్తే, తప్పు ఒప్పుకోకుండానే 1,25,000 డాలర్లు ఇచ్చి 2011లో విశ్వవిద్యాలయం రాజీ చేసుకుంది. మనిషి నమ్మకాన్ని తూచడానికి పూనుకుంటే త్రాసు ఎటు మొగ్గినా సంస్థకే నష్టం.

ఇండియానాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం 2013లో దారి చూపించింది. అక్కడి ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు తరగతిలో సంకల్పవాదం చెబుతున్నాడని ఫిర్యాదు వచ్చింది. ఆ ఏడే గొంజాలెజ్‌ను ఖగోళశాస్త్ర అధ్యాపకుడిగా చేర్చుకున్నారు కూడా. అధ్యక్షురాలు జో ఆన్ గోరా జూలై 31న బహిరంగంగా చెప్పేశారు: సంకల్పవాదాన్ని శాస్త్రజ్ఞులు శాస్త్రంగా అంగీకరించలేదు కనక శాస్త్రపాఠంలో దానికి చోటు లేదు, మానవీయ శాస్త్రాల తరగతుల్లో, ఏ ఒక్క పక్షాన్నీ మోయకుండా చర్చించుకోవచ్చు. మనిషికి ఉద్యోగం ఇచ్చారు, ఆయన సిద్ధాంతానికి శాస్త్రమనే ముద్ర ఇవ్వలేదు. ఈ రెండింటినీ విడదీసి చెప్పడానికి ఒక పేజీ ఉత్తరం సరిపోయింది.

ఇది పరాయివాళ్ళ తగవు అనుకునే వీలు మనకు లేదు. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని శాస్త్రంగా బోధించాలని యుజిసి తలపెట్టినప్పుడు, హైదరాబాదు సిసిఎంబి వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ తదితరులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళారు. అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళ్తే, విద్యా విషయాల్లో నిపుణుల నిర్ణయంలో జోక్యం చేసుకోమని 2004లో ఆ న్యాయస్థానమూ కొట్టివేసింది. కోర్టు తప్పుకున్నాక బాధ్యత పూర్తిగా విశ్వవిద్యాలయాలదే అయింది. ఏది పాఠం, ఏది నమ్మకం అని నోరు విప్పి చెప్పే ధైర్యం అక్కడ ఎంతమందికి ఉంది?

ఆ ధైర్యానికి మనకు పూర్వులు లేకపోలేదు. 1868 గ్రహణం నాడు మద్రాసు అబ్జర్వేటరీ ఉద్యోగి చింతామణి రఘునాథాచారి వనపర్తిలో పరిశీలన జరిపారు. పంచాంగకర్తల వంశంలో పుట్టిన ఆచారపరుడు. అయినా పాత లెక్కలు ఆకాశంతో సరిపోవడం లేదని చూసి, కంటికి కనిపించే దాన్నిబట్టి దిద్దిన దృగ్గణిత పంచాంగం కోసం పోరాడారు. ఆయన నొసటి బొట్టును అబ్జర్వేటరీ తూచలేదు, ఆయన కొలతలను తూచింది. ఆయనా తన భక్తిని కొలతల్లో కలపలేదు. ఆ మద్రాసు అబ్జర్వేటరీ వారసత్వమే కొడైకెనాల్ మీదుగా నేటి బెంగుళూరు ఖగోళ భౌతిక సంస్థ దాకా వచ్చింది. చెన్నైలోనో బెంగుళూరులోనో ఉగాదినాడు పంచాంగం వినే తెలుగువాళ్ళం మనం. తిథి వేళను ఆకాశంతో సరిచూడమన్న రఘునాథాచారి పట్టుదలను మన పిల్లల పాఠశాలల నుంచి కూడా కోరే హక్కు మనకుంది. అడగవలసిన బాధ్యతా ఉంది.