వరదకు నీలం రంగెందుకు?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బొమ్మలు నేర్చుకునే పిల్లలను తుపాను సముద్రం వేయమంటే చేయి ముందుగా నీలం డబ్బా మీదికే పోతుంది. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్లు. చూసిందంతా క్యాలెండర్లలో, సినిమాల్లో. అందుకే అలలు ఎంత ఎత్తున లేచినా ఆ బొమ్మలో భయం పుట్టదు.

ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1842లో ప్రదర్శించిన మంచు తుపాను చిత్రంలో నీలం కోసం వెతుక్కోవాల్సిందే. గోధుమ, బూడిద, మురికి పసుపు రంగులు ఆవిరి ఓడ చుట్టూ సుడి తిరుగుతుంటాయి. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో తెలియదు. భయమంతా ఆ చెరిగిపోయిన అంచులోనే ఉంది. రష్యా చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ 1850లో వేసిన 'తొమ్మిదో అల' దారి వేరు. అక్కడ పొద్దు వెలుగు అలలోంచి దూరి ఆకుపచ్చగా మెరుస్తుంది, విరిగిన కొయ్యను పట్టుకు వేలాడే మనుషులు బతుకుతారనిపిస్తుంది.

ఐవజోవ్‌స్కీ ఇలాంటివి ఒడ్డున కూర్చుని వేయలేదు. కదిలే నీటిని ఎదురుగా ఉండి కుంచెతో పట్టుకోలేమని నమ్మి, స్టూడియోలో జ్ఞాపకం నుంచే వేసేవాడు. సముద్రం లేని జిల్లాల చిత్రకారులకు ఇంతకంటే ధైర్యమిచ్చే సంగతి ఏముంటుంది? జ్ఞాపకం ఉంచుకోదగ్గ నీరు ఇక్కడ తక్కువేం కాదు.

2022 జులైలో ఆదిలాబాద్ వైపున్న కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా వదలగలిగేది 3 లక్షలే. ఆనకట్ట నిలుస్తుందో లేదోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి నీటిలో నీలం చుక్క కూడా ఉండదు. అడవుల్లోంచి, చేన్లలోంచి కోసుకొచ్చిన మట్టి రంగే అంతా. గేటు కింద లేచే నురగ సైతం తెల్లగా ఉండదు, పాలు తక్కువైన చాయ్ రంగులో ఉంటుంది. పైన మబ్బు నల్లబడే కొద్దీ ఆ మట్టి రంగు ఇంకా ఎర్రబడినట్టు కనిపిస్తుంది.

నీటిరంగుల్లో దీన్ని పట్టాలంటే నల్ల రంగు జోలికి పోకపోవడమే మేలు, మబ్బు మొద్దుబారిపోతుంది. అల్ట్రామెరైన్‌లో ఎర్రమట్టి రంగైన బర్న్ట్ సియెన్నా కలిపితే బరువైన బూడిద రంగు వస్తుంది. అందులో నీలం పాలు పెంచితే మబ్బు, సియెన్నా పాలు పెంచితే వరద. కాగితం తడి ఆరకముందే ఆ రెండింటినీ అంచు దగ్గర కలవనివ్వాలి.

కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం తన ఎరుపునూ పసుపునూ ఊరి ఆడవాళ్ల బొట్టులో, చీరల్లో ఏరుకున్నారు. వానాకాలం ధర్మపురిలో గోదావరిని చూసే పిల్లవాడికీ అంతటి రంగు దొరుకుతుంది. బొమ్మల పోటీలు పెట్టే బడులు ఈసారి సముద్రాన్ని పక్కనపెట్టి కడెం వరదను ఇచ్చి చూడాలి.