బుగ్గ నీళ్ళ పనితనం

కొండల నడుమ వేడినీటి బుగ్గ, పక్కన చెక్కతో కట్టిన పాతకాలపు సత్రం, బండరాళ్ళ మధ్య పొగలు లేచే నీళ్ళలో మెడదాకా మునిగి కళ్ళు మూసుకున్న మనుషులు. జపాను పోయొచ్చిన మన పిల్లలు మొదట చూపించేది ఈ ఫోటోలే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్ళలో ఇప్పుడు ఈ ముచ్చట మామూలైపోయింది. ఫోటోలు చూసినాక ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట: "మన దిక్కు ఇట్లాంటిది యాడుంది?" ఆ మాట వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు. ఉంది. ప్రొద్దుటూరులో తెల్లవారుజామున బస్సెక్కితే ఎండ ముదరకముందే మునక వేయగలిగినంత దగ్గరలో ఉంది. దాన్ని కట్టిన చేతుల గొప్పతనాన్ని మనమే మరిచిపోయినాం.

ముందు జపానువాళ్ళ సంగతి. మెచ్చుకోవాల్సిన చోట మనసారా మెచ్చుకోవాల. అగ్నిపర్వతాల దేశం కాబట్టి వేడినీళ్ళు వాళ్ళకు ఊరికే దొరికినాయి, అందులో వాళ్ళ ప్రతాపం లేదు. దొరికిన నీటిని చెడగొట్టకుండా మనిషి ఒంటిదాకా తీసుకురావడంలో ఉంది ప్రతాపమంతా. గున్మా రాష్ట్రంలో కుసత్సు అనే కొండ ఊరుంది. అక్కడ పుట్టే నీరు ఇనుప మేకును కొద్దిరోజుల్లో తినేసేంత ఆమ్లం, దిగితే ఒళ్ళు బొబ్బలెక్కేంత వేడి. రెండు బిందెల చన్నీళ్ళు కలిపితే తీరిపోయే సమస్య అనుకుంటాం. వాళ్ళు కలపరు. కలిపితే నీటి గుణం పలచబడుతుందని ఊరి మధ్యలో పొడుగాటి చెక్క కాలువలు వేసి, వాటిమీదుగా నీళ్ళు పారించి వేడి తగ్గిస్తారు. కాలువల అడుగున పేరుకునే గంధకాన్ని కూడా పారేయకుండా గీకి దాచుకుంటారు. ఆ మీదట తొట్టి చుట్టూ ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఆరడుగుల చెక్కపలకలు నీళ్ళలో దించి, పాట పాడుతూ ఆ పాట వరసకే నీళ్ళను తిరగేస్తారు. దాన్ని యుమొమి అంటారు. ఒక్క చుక్క బయటి నీరు కలవకుండా వేడి దిగుతుంది. అదే ఊళ్ళో 48 డిగ్రీల నీళ్ళలో మూడే మూడు నిమిషాలు కూర్చునే స్నాన పద్ధతి ఒకటుండేది. పెద్ద ఒకాయన పక్కన నిలబడి నిమిషాలు కేకవేసి చెబుతుంటే, మునిగినవాళ్ళంతా ఒకే గొంతుతో బదులు పలికేవాళ్ళు. స్నానాన్ని ఇంత శ్రద్ధగా, ఇంత క్రమశిక్షణతో చేసే జాతిని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మత్సుయామలో దోగో స్నానశాల సంగతి ఇంకా ఘనం. 1894లో ఇసానివ యుకియ అనే ఆ ఊరి పెద్ద, అంత ఖర్చు ఎందుకని జనం ఎదురు తిరిగినా వెనక్కి తగ్గకుండా మూడంతస్తుల చెక్క భవనం కట్టించినాడు. కట్టిన మేస్త్రీ సకమోతో మతహచిరో, కోటలు కట్టిన వడ్రంగుల పరంపరవాడట. భవనం పాతబడితే కూలగొట్టలేదు. 2019లో మరమ్మతు మొదలుపెట్టి 2024 జూలైలో భవనమంతా మళ్ళీ తెరిచినారు. అన్నేళ్ళూ ఏదో ఒక వైపు జనం స్నానాలు చేస్తూనే ఉన్నారు! మన పాత గుళ్ళకు జరిగే 'అభివృద్ధి' పనులు గుర్తు తెచ్చుకుంటే ఈ ఓర్పు విలువ తెలుస్తుంది.

సరే, ఇక మహానంది. మా జిల్లా కాదు, నంద్యాలది. అయినా మా వైపు వాళ్ళకు అది పుట్టింటి గుడి, నా పక్షపాతం నేను దాచుకోను. నల్లమల పడమటి వాలు కింద, మహానందీశ్వరుడి పాదాల దగ్గరే ఊట పుడుతుంది. లోపలి కోనేరు రుద్రగుండం, బయట బ్రహ్మగుండం, విష్ణుగుండం. నీటి లోతు ఐదడుగులు. వానాకాలమైనా, రోహిణి కార్తె అయినా ఆ ఐదడుగులే. అడుగున పడిన గుండుసూది పైనుంచి కనబడుతుందని పెద్దలంటారు, చూసినవాళ్ళెవరూ దాన్ని కాదనరు.

ఇది దేవుడి మహిమ అని దండం పెట్టుకుని వచ్చేస్తాం. మహిమ ఊటది. మిగిలిందంతా రాతిపని చేసిన మనుషులది. నీళ్ళు ఎంత వస్తాయో అంతా బయటికి పోయేటట్టు తూముల మట్టం పెట్టినారు చూడండి, అక్కడుంది విద్య. తూము పైకి పెడితే నీళ్ళు మెట్లెక్కుతాయి, మరీ కిందికి పెడితే పసిపిల్లలు ఆడుకునే మడుగవుతుంది. రాతి కట్టడంలో సందులు వదిలితే మట్టి ఊరి నీళ్ళు మసకబారతాయి. పంపు లేదు, మీటరు లేదు, వడపోత యంత్రం లేదు. మునిగిన మనిషి ఒంటిమీది నీళ్ళు అట్లే జారి తూము దాటి కాలువలో పడతాయి, ఆ చోటికి కొత్త నీళ్ళు వస్తాయి. బయటికి పోయిన నీటితో అరటి తోటలు పండుతాయి. జపానులో మేటి స్నానశాల అంటే లెక్క ఇదే: ఊట నుంచి నేరుగా తొట్టిలోకి, తొట్టి నుంచి నేరుగా బయటికి, ఒకసారి వాడిన నీరు మళ్ళీ వెనక్కి రాకూడదు. ఆ లెక్కను మన శిల్పులు ఏ పుస్తకమూ రాసిపెట్టకుండా రాతిలో చేసి చూపించినారు. వాళ్ళ పేర్లు ఏ గోడమీదా లేకపోవడం నాకు ఎప్పటికీ తీరని బాధ.

మహానంది నీరు వేడినీరు కాదు కదా అంటారేమో. చలికాలం తెల్లవారుజామున దిగి చూడండి, గోరువెచ్చగా ఒళ్ళంతా చుట్టుకుంటుంది. ఎండాకాలం అదే నీరు చల్లగా తగులుతుంది. నీరు మారదు, మారేది మన చుట్టూ ఉన్న గాలి. భూమి లోపలి నీళ్ళు ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడి దగ్గరే నిలకడగా ఉంటాయి, మన సీమలో ఆ సగటు 25 డిగ్రీలు దాటుతుంది. జపాను 1948లో చేసిన వేడినీటి బుగ్గల చట్టం అడిగే వేడి కూడా 25 డిగ్రీలే. అంత వేడి లేకపోయినా, చట్టం చెప్పిన 19 పదార్థాల్లో ఏదో ఒకటి తగినంత ఉంటే చాలు. ఆ చట్టంతో కొలిస్తే మన బుగ్గలు తలదించుకోవాల్సిన పని లేదు.

నిజంగా కాలే నీళ్ళే కావాలంటే గోదావరి దిక్కు పోవాల. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. తెలంగాణలో మణుగూరు పక్కన పగిడేరులో సింగరేణి వాళ్ళు వేసిన బోరులో మోటారు లేకుండానే వేడినీరు పొంగింది. అక్కడ అగ్నిపర్వతాలేమీ లేవు, లోతుకు దిగిన నీరు భూమి వేడి తగిలి పైకి వస్తుంది.

మా పెన్న గట్టున ఇంకో అద్భుతం ఉంది. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయంలో లింగం అడుగునే ఊట. కట్టించింది పెమ్మసాని రామలింగ నాయుడు. గండికోట ఏలిన పెమ్మసాని వాళ్ళే కాబట్టి జమ్మలమడుగు వాళ్ళు దాన్ని తమది అనుకున్నా తప్పులేదు. పారే ఊట మీద గర్భగుడి నిలబెట్టడం, అదీ ఏటి గట్టున, ఎంత గుండె ధైర్యం! పునాది కింద నీరు కదులుతుంటే ఏ మేస్త్రీ అయినా రాత్రిళ్ళు నిద్రపోడు. ఆ శిల్పులు గుడి నిలబెట్టడమే కాదు, గోపురం రాళ్ళను నగిషీలతో నింపినారు. ఎర్రమల కొండల్లో యాగంటి పుష్కరిణి కూడా అంతే, నంది నోట్లోనుంచి ఏడాది పొడుగునా నీరు. హరిహర బుక్కరాయల కాలపు గుడి అంటారు.

ఈ నీళ్ళు వచ్చేది ఎట్లా? జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల వైపు నేలంతా సున్నపురాయి, మనం ఇంట్లో పరుచుకునే నాపబండే. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని ఆ రాతి పగుళ్ళను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. బెలుం గుహలు అట్లా పుట్టినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాసినాడు, 1982-83లో గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది, పొడవు 3,229 మీటర్లు. లోపల పాతాళగంగ పారుతూ పారుతూ ఒకచోట నేలలోకి దిగి మాయమవుతుంది. మహానంది దగ్గర రాయి వేరు. అక్కడ నల్లమల అడవి వాననీటిని పట్టి నిదానంగా కిందికి వదులుతుంది. ఎక్కడైనా సూత్రం ఒకటే: పైన నీరు ఇంకే చోటు బతికి ఉంటేనే కింద బుగ్గ బతుకుతుంది.

ఇప్పుడు నా కోపం చెప్పాల. బోరు నీళ్ళతో నింపి, నీలిరంగు టైల్స్ అతికించి, క్లోరిన్ కంపు కొట్టే గుంటకు 'సహజ జలధార' అని పేరు పెట్టి డబ్బులు గుంజే రిసార్టులు మన రోడ్ల పక్కన మొలుస్తున్నాయి. ప్లాస్టర్‌తో చేసిన బండరాళ్ళు, మోటారుతో దూకే జలపాతం. తిరిగిన నీళ్ళే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి. ఈ తిప్పుడు ఎంత ప్రమాదమో జపాను 2002లోనే చూసింది. మియాజాకి రాష్ట్రంలోని హ్యూగాలో కొత్తగా తెరిచిన స్నానశాలలో నీటినుంచి లీజియోనెల్లా అనే బాక్టీరియా సోకి ఏడుగురు చనిపోయినారు. 2004లో నగానో కొండల్లోని షిరహోనెలో, పాలలాగా తెల్లగా ఉంటుందని పేరుపడ్డ నీటిలో కొందరు రంగు పొడి కలుపుతున్నారని బయటపడింది. దేశమంతా అట్టుడికిపోయింది. అక్కడ తప్పు చేసినవాళ్ళు ఉన్నారు, అయితే ఆ తప్పుకు సిగ్గుపడిన దేశం కూడా ఉంది. మరుసటి ఏడే నిబంధన మార్చినారు: నీళ్ళు కలిపినా, వేడి చేసినా, తిప్పి వాడినా, మందు వేసినా బోర్డు రాసి పెట్టాల్సిందే.

మన దగ్గర సిగ్గు ఏది? పుణ్య గుండంలో షాంపూ సాచెట్లు చింపి పారేసేది మనమే. జపానువాళ్ళు తొట్టిలో దిగేముందు పక్కన కూర్చుని ఒళ్ళు శుభ్రంగా తోముకుంటారు, సబ్బు చుక్క కూడా లోపలికి రానివ్వరు. మన అవ్వలు కూడా ఇంటి దగ్గర నూనె, సున్నిపిండి పెట్టి, కాగులో నీళ్ళు మరిగించి తలంటు పోసినాకే కోనేటికి తీసుకుపోయేవాళ్ళు. గుండం గట్టున చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కోకుండా మెట్టు దిగితే వీపు విమానం మోత మోగేది. ఆ పద్ధతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ఊరికి ఎంతమంది మిగిలినారు? ఇంకోపక్క పులివెందుల చీనీ తోటలకు వెయ్యి అడుగుల బోర్లు. రైతును నేను తిట్టను, చెట్టు ఎండిపోతుంటే ఎవరైనా బోరే వేస్తారు. కొండ కోనల్లో మా చిన్నప్పుడు దోసిలి పట్టి తాగిన ఊటలు ఇప్పుడు వానాకాలం దాటితే తడి కూడా లేకుండా ఉన్నాయి. ఆ రాళ్ళ దగ్గర నిలబడితే నాకు ఏడుపొస్తుంది.

గండికోటకు టూరిస్టులు పెరుగుతున్నారు, ఇంకా పెరుగుతారు. వాళ్ళకోసం ఎవరో ఒకరు 'జపాను పద్ధతి స్నానం' కూడా తెస్తారు. తేనీయండి, వడ్రంగం వస్తే నేర్చుకుందాం, శుభ్రత వస్తే నేర్చుకుందాం. కానీ దొంగ నీళ్ళు వద్దు. ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్దదేమీ కాదు. నీరు, నేల, చెట్ల కోసం చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల బోరు వేయకూడదని చెబుతోంది. పుణ్యక్షేత్రాల బుగ్గలను కూడా ఆ చట్టం కిందికి తేవాల, పైన కొండమీద నీరు ఇంకే మేరను గుర్తించి అక్కడ తవ్వకాలు ఆపాల. మరమ్మతుకు టైల్స్ మేస్త్రీని కాకుండా రాతిపని తెలిసినవాణ్ణి పిలవాల. గుండం గట్టున ఒక బోర్డు పెట్టాల: ఈ నీరు ఎక్కడ పుడుతోంది, గంటకు ఎంత వస్తోంది, పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత వచ్చింది, ఇందులో ఏమైనా కలిపినామా లేదా. ఆ బోర్డు ముందు మహానందిలో పెట్టాల, తర్వాత యాగంటిలో, తాడిపత్రిలో.