ప్రసూతి మరణములు: కారణ విమర్శనము

“కాన్పు ఆడుదానికి మరుజన్మ” అను లోకోక్తి మన యిండ్లలో తఱచుగా వినబడుచుండును. బాలెంతను చూడవచ్చిన పెద్దలు దీనిని ప్రేమతోనే పలుకుదురు. కాని తాత్పర్యమును విచారించినచో, ప్రసవమున మరణించుట సహజమనియు, బ్రదికి బయటపడుటయే విశేషమనియు నీ మాట యొప్పుకొనుచున్నది. సహజమైనదానికి కారణము వెదకువాడుండడు. ప్రసూతి మరణములను గూర్చిన వైద్యనివేదికలను చదువునప్పుడు, ఈ లోకోక్తియే శాస్త్రపు దుస్తులు తొడుగుకొని మరల మన యెదుట నిలిచినదా యని నాకు సందేహము కలుగుచున్నది. ఆ సందేహమును పాఠకుల ముందుంచుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

ఈ నివేదికలలో “ప్రమాదకారకములు” అను శీర్షిక క్రింద నొక పట్టిక యుండును. వెనుకబడిన దేశములలో నే సర్కారు ఆసుపత్రినుండి వచ్చినను ఆ పట్టిక యించుమించుగా నొక్కటియే. ఇరువదియేండ్లకు లోపు వయస్సు, ముప్పదియైదేండ్లు పైబడిన వయస్సు, నాలుగైదు కాన్పులు, రక్తహీనత, నిరక్షరాస్యత, పేదఱికము, పల్లెకాపురము, గర్భిణిగా పేరు వ్రాయించుకొనకపోవుట, ఆలస్యముగా వచ్చుట. ఈ మాటలన్నియు నెవరిని గూర్చినవో చూడుడు. వయస్సు ఆమెది, రక్తహీనత ఆమెది, చదువులేమి ఆమెది, ఆలస్యముగా వచ్చినదియు నామెయే. ఆ రాత్రి ఆసుపత్రిలో రక్తము నిలువయున్నదా, మత్తుమందిచ్చు వైద్యుడున్నాడా, ఒక నర్సు ఎందఱు నొప్పులు పడువారిని చూచుచుండెను అను సంగతులకు ఆ పట్టికలో చోటు దొరకుట అరుదు. మృతురాలిని గూర్చి అంత వ్రాసినను, ఆమె మరణించిన చోటు మాత్రము కనబడదు.

తర్కశాస్త్రపు తొలిపాఠములు చదివినవారికి కారణమనగా నేమో తెలియును. కార్యమునకు నియమముగా ముందుండవలయును, అన్యథాసిద్ధము కారాదు. కుండకు మట్టియు, చక్రమును, కుమ్మరియు కారణములు. మట్టిని మోసికొనివచ్చిన గాడిద కారణము కాదు. కుమ్మరి తండ్రియు కారణము కాడు. అతడు లేనిదే కుమ్మరియే పుట్టడు గదా యనినను తార్కికుడొప్పుకొనడు. మన పట్టికనీ గీటురాతిపై పెట్టి చూతము. 2011 జనాభా లెక్కలలో అవిభక్త మహబూబునగరము జిల్లా అక్షరాస్యతయందు ఉమ్మడి రాష్ట్రమునకెల్ల అట్టడుగున నుండెను. ఆ జిల్లాలో చదువురాని స్త్రీలు లక్షలమంది కని బ్రదికిరి. పల్లెలో కాపురమున్నవారును బ్రదికిరి. కనుక చదువులేమి కుమ్మరి తండ్రివంటిది. దానికిని మరణమునకును సంబంధము లేదనను. కాని ఆ సంబంధము దూరపుది, నడుమ మఱికొన్నిటి ద్వారమున వచ్చునది. ఆ నడిమి సంగతులను విడిచి దీనినే కారణముగా వ్రాయుట శాస్త్రమనిపించుకొనదు.

రక్తహీనత యట్టిది కాదు. అది నిజముగా మట్టిలో మట్టియే. ఆరోగ్యవతియైన స్త్రీ ప్రసవమున అరలీటరు రక్తము పోయినను తాళుకొనును. రక్తమే పలుచనైన స్త్రీ ఆ మాత్రమునకే కూలిపోవును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున గర్భిణులలో నూటికి 53 మంది రక్తహీనులని తేలినది. ఇందు ఆసుపత్రి దోషముకన్న గృహస్థుల దోషమే మిక్కుటము. ఇంటిల్లిపాది భుజించిన పిమ్మట కుండ యడుగున మిగిలినదానితో కోడలు సరిపెట్టుకొను ఆచారము చదువుకొన్న యిండ్లలోను పూర్తిగా పోలేదు. అదే సర్వేలో, ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల వయస్సు గల తెలంగాణ స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు. పదవతరగతి పరీక్షలు వ్రాసిన బాలికలలో నెందఱు మరుసటి యేట తలపై ముసుగుతో దవాఖాన వరుసలో నిలిచెదరో ఉపాధ్యాయులమగు మాకు తెలియనిది కాదు.

ఈ పట్టికపై మొట్టమొదట సందేహము కలిగినది నా బోటివానికి కాదు, వైద్యులకే. 1970 ప్రాంతములనుండి కొంతకాలము, గర్భిణులను ముందుగానే “ప్రమాదము గలవారు”, “ప్రమాదము లేనివారు” అని విభజించి, మొదటివారిని కనిపెట్టియున్న చాలునను పద్ధతి లోకమంతట ప్రచారమున నుండెను. ఆఫ్రికాలో నేటి కాంగో దేశమందలి కసొంగో అను చోట వైద్యులు దీనిని పరీక్షించి 1984లో ఫలితము ప్రకటించిరి. బిడ్డ అడ్డుపడి కష్టపడిన తల్లులలో పెక్కుమంది పట్టిక ప్రకారము ప్రమాదము లేనివారు. ప్రమాదము గలవారని గుర్తు పెట్టబడినవారిలో పెక్కుమంది సుఖముగా ప్రసవించిరి. 1997లో కొలంబో నగరమున జరిగిన సురక్షిత మాతృత్వ సమావేశమున, ప్రతి గర్భమునకును ప్రమాదము కలదని పెద్దలు నిర్ణయించిరి. పట్టిక నిరుపయోగమని నేననను. పల్లెలో తిరుగు ఆశా కార్యకర్తకు, ఎవరిని ముందుగా పంపవలయునో అది చెప్పును. కాని మరణించినపిదప కారణము చెప్పుటకు అది చాలదు.

మఱి యేది చెప్పును? కాలము చెప్పును. చికిత్స లేనిచో నొక్కొక్క యుపద్రవము తల్లిని సగటున నెంతసేపటిలో హరించునో ప్రసూతివైద్యులు లెక్క కట్టియున్నారు. సూతికాజ్వరమునకు ఆరు దినములు. బిడ్డ అడ్డుపడిన కాన్పుకు మూడు దినములు. గుఱ్ఱపువాతమునకు రెండు దినములు. గర్భసంచి పగిలినచో నొక దినము. ప్రసవమునకు ముందు రక్తము పోయినచో పండ్రెండు గంటలు. ప్రసవించిన పిమ్మట రక్తము కట్టకున్నచో రెండే గంటలు!

ఈ రెండుగంటలను చేతబట్టుకొని నల్లగొండ, పాలమూరు సీమలను చూడుడు. దేవరకొండనుండి నల్లగొండకు సుమారు 60 కిలోమీటర్లు. చందంపేట తండాలు అంతకన్న దూరముగా, కృష్ణయొడ్డు గుట్టలలో నున్నవి. అమ్రాబాదు మిట్టమీది చెంచుపెంటలనుండి మహబూబునగరమునకు నూరు కిలోమీటర్లకు పైమాట. 2022లో నాగర్‌కర్నూలున వైద్యకళాశాల వెలసినందున ఆ వైపువారికి దూరము తగ్గినది. నల్లగొండ, సూర్యాపేటలకు 2019లోనే కళాశాలలు వచ్చినవి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి పల్లెపల్లెకు చేరినది. ఇవన్నియు నిజమైన మేళ్లు. అయినను రెండుగంటల మరణమును గెలుచునది దూరపు నగరము కాదు, దగ్గఱి దవాఖానయే.

1994లో థాడియస్, మెయిన్ అను నిరువురు పండితురాండ్రు ఆలస్యములు మూడని చెప్పిరి. పోవలయునని యింటిలో నిర్ణయించుటకు పట్టు ఆలస్యము, దారిలో ఆలస్యము, చేరినపిదప చికిత్స యందుటలో ఆలస్యము. మన పత్రములలో “ఆలస్యముగా వచ్చినది” అను నొక్క వాక్యము మూడింటిని కలిపి మృతురాలి నెత్తిన పెట్టుచున్నది. ఒక చిన్న దవాఖానలో నాలుగు గంటలు కూర్చుండబెట్టి, అచ్చట వీలుకాదని మఱియొకచోటికి, అచ్చటినుండి హైదరాబాదు పెద్ద దవాఖానకు పంపినచో, చివరి వైద్యుడు తన కాగితముపై నదే వాక్యము వ్రాయును. అతని దృష్టిలో నది యసత్యము కాదు. కాని ఆమె యింటనుండి బయలుదేరుటలో ఆలస్యమే లేదు!

ఇక్కడనే నేటి సమస్య స్వరూపము మాఱినదని నా యభిప్రాయము. వెనుకటి దినములలో స్త్రీలు మంత్రసానినే నమ్మి దవాఖానకు రారని నింద యుండెను. 2005లో జననీ సురక్షా యోజనము, 2017లో సర్కారు దవాఖానలో కన్న తల్లికి మగశిశువైన 12,000, ఆడశిశువైన 13,000 రూపాయలిచ్చు కేసీఆర్ కిట్టు పథకము వచ్చినవి. “రండు” అని పిలిచిరి, వారు వచ్చిరి. 2019–21 నాటికి తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. ఫలితము కనబడినది. లక్ష సజీవజననములకు ప్రసూతి మరణములు 2014–16లో 81 కాగా, 2018–20లో 43కు దిగినవి. ఆ కాలమున దేశపు సగటు 97, అస్సాము 195, కేరళము 19. ఈ లెక్క రాష్ట్రమునకే గాని జిల్లాలకు విడదీయబడదు. హైదరాబాదును అమ్రాబాదును నొక్క కుండలో వండి చూపు సగటును చూచి మురియుట తగదు. అది యటుండనిండు. నూటికి 97 మంది వచ్చినపిదపను కొందఱు మరణించుచున్నచో, కారణమును గుమ్మమునకు వెలుపలనే వెదకుట యెట్లు చెల్లును?

గుమ్మమునకు లోపల వెదకిన మహానుభావుని కథ వైద్యచరిత్రలో కలదు. 1846లో వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగములుండెను. వైద్యవిద్యార్థులు పనిచేయుదానిలో నూటికి 11 మందికి పైగా తల్లులు మరణించిరి. మంత్రసానులు పనిచేయుదానిలో ముగ్గురు కూడ లేరు. నగరములోని పేద స్త్రీలు మొదటిదానిలో చేర్పవలదని కాళ్లు పట్టుకొని వేడుకొనెడివారు. వారి మాటను పామరుల భయమని త్రోసివేసినవారే పండితులు. సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు మాత్రము తల్లుల స్వభావమును వదలి వైద్యుల చేతులను పరీక్షించెను. శవపరీక్షశాలనుండి తిన్నగా ప్రసూతిగదికి వచ్చు చేతులవి! 1847లో క్లోరిను సున్నపునీట చేతులు కడుగుకొనుమని శాసించినంతనే మరణములు తగ్గిపోయినవి. ఇది పాతకథయని యనుకొనరాదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నపు సర్కారు దవాఖానలో నొక్కదినముననే 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. తరువాతి దినములలో నలుగురు మరణించిరి. అవి శాస్త్రనిర్వచనము ప్రకారము ప్రసూతి మరణములు కావు. కాని మరణించినవారు తల్లులే. 2023 జనవరిలో మలక్‌పేట ప్రాంతీయాసుపత్రిలో శస్త్రచికిత్సచే ప్రసవించిన ఇరువురు మరణించిరి. ఇట్టి చోట్ల మృతురాలి వయస్సును, చదువును అడిగి యేమి ప్రయోజనము?

లోపల వెదకినచో దొరకునవి పెద్దయంత్రములే కానక్కఱలేదు. ప్రసవమున పోయిన రక్తమును కంటితో నంచనా వేయుట సర్వత్ర వాడుక. కన్ను తక్కువగా చూచును. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలో 80 ఆసుపత్రులయందు, కొలతగీతలు గల సంచిని తల్లి క్రింద పఱచి రక్తమును కొలిచి, హద్దు దాటగానే చేయవలసిన చికిత్సలన్నిటిని వరుసగా గాక ఒక్కమాఱే ఆరంభించిరి. తీవ్రరక్తస్రావమును, దానివలని శస్త్రచికిత్సలును, మరణములును కలిపి చూచినచో నూటికి 60 వంతులు తగ్గినవని 2023లో ప్రకటింపబడెను. అదివఱకు సగముమంది విషయముననే రక్తస్రావము గుర్తింపబడుచుండెను! గర్భసంచిని బిగియించు ఆక్సిటోసిన్ మందు చల్లని పెట్టెలో నుండవలయును. వేసవిలో కరెంటుపోయిన దవాఖానలో దాని శక్తి తగ్గిపోవును. గుఱ్ఱపువాతమునకు మెగ్నీషియం సల్ఫేటు చవుకయైన మందు. తెలిసిన చేయి, నిలువయున్న సీసా, రక్తపు సంచి, మెలకువగా నున్న నర్సు, వీనిలో నేది లోపించినను మిగిలినవి వ్యర్థములగును.

శస్త్రచికిత్సను గూర్చి యొక మాట చెప్పక తప్పదు. పైని చెప్పిన సర్వేలో తెలంగాణమున నూటికి 60 కాన్పులు కడుపు కోసి చేసినవే. ప్రైవేటు ఆసుపత్రులలో 81, సర్కారు ఆసుపత్రులలో 44. దేశపు సగటు 21. తగిన వేళ నిది ప్రాణదానము; తగనిచోట నిది మరుకాన్పుకు పెట్టిన ప్రమాదము. పాతకోతమీద మావి నాటుకొన్నచో రెండవమూడవ కాన్పులలో రక్తము నిలుపుట నిపుణులకే దుర్లభమగును. ఇందు వైద్యులతో పాటు ముహూర్తము పెట్టించి కోయించు చదువరుల యిండ్లును భాగస్వాములే. జాతకచక్రము చక్కగా నుండవలయునని తల్లి గర్భసంచిని కోయించు విద్యావంతుడు, అక్షరము రాని తండావాసిని మూఢుడనుట నవ్వుదెప్పించును.

ఇంక పట్టికకు బదులుగా నేమి వ్రాయవలయును? బ్రిటనులో 1952నుండి ప్రతి ప్రసూతి మరణమును గోప్యముగా విచారించు పద్ధతి కలదు. మన దేశమున కేరళపు ప్రసూతివైద్యుల సమాఖ్య 2004లో దానిని చేపట్టినది. తల్లి పేరు, వైద్యుని పేరు, ఆసుపత్రి పేరు తొలగించి, జరిగినది జరిగినట్లు తెప్పించుకొని, ఎచ్చట మఱొకటి చేసియున్న బ్రదికెడిదో నిపుణులు వ్రాయుదురు. శిక్షకై కాక శిక్షణకై వ్రాసినదగుటచే దానిలో సత్యము నిలిచినది. భారతప్రభుత్వమును 2010లో ప్రసూతి మరణ సమీక్షలకు నియమములు చేసినది. జిల్లా కలెక్టరు మృతురాలి బంధువులను పిలిపించి వినవలయునని వానిలో నున్నది. ఏర్పాటు మంచిదే. కాని నివేదిక వెంట సస్పెన్షను వచ్చునను భయమున్నచోట ఏ డాక్టరు తన గదిలో గడచిన గంటలను వ్రాయును? రక్తహీనత, పల్లెకాపురము, ఆలస్యముగా వచ్చుట యని వ్రాసి చేతులు దులుపుకొనును. చనిపోయినది మారుపలుకదు గదా!

కాన్పుకు పుట్టింటికి పోవు ఆచారము వలన మన సీమలో మఱియొక చిక్కు కలదు. నెలనెలా పరీక్షలు అత్తవారి యూరి ఏ.ఎన్.ఎం. వద్ద, కాన్పు తల్లిగారి యూరి దవాఖానలో. ముంబాయి, పూనాలకు వలసపోవు పాలమూరు కూలీల విషయమున ఆ కాగితములు మూడవచోట నుండును. రక్తము పదిపాళ్లు లేదని యేడవనెలలో నొకరు వ్రాసినది, తొమ్మిదవనెలలో కోయువాని కంటబడదు. దీనిని “పేరు వ్రాయించుకొనలేదు” అని పట్టికలో నెక్కింతురు. ఆమె రెండుచోట్ల వ్రాయించుకొన్నది.

ఆమె యే గంటకు బయలుదేరినది, ఏ దవాఖానలో నెంతసేపున్నది, ఎవరు చూచి యెచ్చటికి పంపిరి, రక్తపు సంచి యే గంటకు చేతికి వచ్చినది అని పేర్లు లేకుండ వ్రాసిన వృత్తాంతములు, నల్లగొండ, మహబూబునగరము జిల్లాలవి ఒక్కయేటివియైనను తెలుగున అచ్చుపడినచో, ఈ పత్రిక చదువు గృహస్థులు వానిని భార్యాబిడ్డలతో కూర్చుండి చదువుదురని నా నమ్మకము.